బిస్కెట్‌కు ఇరవై ఒక్క షిఫ్టులు

జనవరి 9, సోమవారం

ముందు జెరోమ్ సంగతి. తొండ సంగతి తర్వాత.

ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. బంగారు గనిలో అట్టడుగు లెవెల్. రాయి మీద చెయ్యి వేస్తే కాలేంత వేడి. నా పక్కన పనిచేసే మునివెంకటప్ప పడిపోయాడు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నాడు. వాణ్ణి భుజాన వేసుకుని, మనుషుల్ని దించే బోనులో పైకి తెచ్చాను. షిఫ్టు ముగియడానికి ఇంకా గంట ఉంది. మేస్త్రీ జెరోమ్ పుస్తకంలో ఏం రాశాడు? "ఆరోగ్యస్వామి. పని మధ్యలో వదిలి పైకి వచ్చాడు." అంతే. మునివెంకటప్ప పేరు రాయలేదు. వాడు బతికాడని రాయలేదు. కొట్టేయమని అడిగాను. కొట్టేయలేదు. గని మూతపడి ఇరవై రెండేళ్ళు. ఆ పుస్తకాన్ని చెదలు తినేసి ఉంటాయి. జెరోమ్‌ను ఏ చెదలూ తినలేదు. కోరమండల్‌లో మా గని క్వార్టర్ల లైన్లోనే, నాలుగు ఇళ్ళవతల, ఎర్రగా బుర్రగా ఉన్నాడు.

నిన్న చర్చిలో పూజ అయ్యాక మా ఇంటికి కాఫీకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే మా మనవరాలు ప్రిన్సీ ఒక అద్దాల పెట్టె తెచ్చి దించింది. లోపల మూరెడు తొండ. గొంతు కింద ముళ్ళ గడ్డం. మన తొండ కాదు, విదేశీ తొండ. ఎవరో పెంచలేక వదిలేస్తే ఈ పిల్ల తెచ్చుకుంది. ఊపిరితిత్తుల జబ్బు చేసి బెంగళూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు పడి ఉంది. గండం గడిచింది. ఇంకో ఇరవై ఒక్క రోజులు కనిపెట్టుకుని ఉండాలి. ప్రిన్సీ ఉద్యోగం బెంగళూరులో. పొద్దున ఆరున్నర రైలుకు పోతే మళ్ళీ ఏడున్నరకే ఇల్లు చేరేది.

"పగలు చూసేవాళ్ళు లేకుంటే వైట్‌ఫీల్డులో నా ఫ్రెండు షెరిన్ ఇంట్లో పెడతా తాతా. అది ఇంట్లోనే కూర్చోని ఆఫీసు పని చేస్తాది" అంది.

"నేనేం సచ్చినానా? నేను చూస్తా" అన్నాను.

జెరోమ్ కాఫీ గ్లాసు పెదాల దగ్గరే ఆపి నవ్వాడు. "ఈయప్పనా! అమ్మా ప్రిన్సీ, ఈయప్ప షిఫ్టు మధ్యలో పైకొచ్చే మనిషమ్మా!"

అందుకే ఈ నోటుబుక్కు. ఇరవై ఒక్క రోజులు, ఇరవై ఒక్క షిఫ్టులు. ఒక్క నిమిషం తగ్గను.

డాక్టరమ్మ ఆర్డర్లు. గోడకు అంటించాను.

ఉదయం 8: వేడి దీపం వేయాలి. సాయంత్రం 6 వరకు ఆర్పకూడదు. దీపం కింద రాయి నలభై డిగ్రీలు ఉండాలి.
8:30: మందు. సూది లేని సిరంజితో, నోటి పక్క నుంచి.
11: సన్నగా తరిగిన ఆకు.
2: పురుగులు ఐదు.
తడి తగలకూడదు. ఫ్యాను గాలి తగలకూడదు.
తిన్నది, దొడ్డికి పోయింది, ఊపిరి తీసిన తీరు, అన్నీ రోజూ రాయాలి.

రాత్రి వెచ్చదనం ప్రిన్సీ చూసుకుంటుంది. పగలు నాది.

రాత కూడా నాదే. మూడో తరగతి వరకు తెలుగు బడి. అక్షరాలు లారీల్లా పెద్దగా, నిదానంగా వస్తాయి, కానీ వస్తాయి. ప్రిన్సీకి ఇంగ్లీషు, కన్నడం వచ్చు. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. మా ఆవిడ తాయమ్మకు సంతకం కూడా రాదు. కాబట్టి రోజూ సాయంత్రం నేనే చదివి వినిపించాలి.

8:00 దీపం వేశాను. సెకను తేడా లేదు!

8:30 మందు. సగం దాని నోట్లో, సగం నా బనీను మీద.

తొండ పేరు బిస్కెట్ అట. నేను ఆ పేరుతో పిలవను. గడ్డం ఉన్నవాణ్ణి బిస్కెట్ అనడం ఏం మర్యాద?

జనవరి 10, మంగళవారం

8:00 దీపం. 8:30 మందు మొత్తం లోపలికే! దవడ పక్కన గీరితే నోరు తెరుస్తుంది. ఈ కిటుకు నేను కనిపెట్టాను. డాక్టర్లకు తెలుసో లేదో.

11:00 మునగాకు, గుమ్మడి తురుము. తింది.

1:50 బూదికోట నుంచి సీనప్ప వచ్చాడు. పట్టుపురుగులు పెంచే రైతు. పాత స్నేహం. తొండకు పట్టుపురుగు మంచిదని డాక్టరమ్మ చెప్పింది, కాబట్టి పురుగులు కావాలని వాడికి కబురు పెట్టాను. కవర్లో మల్బరీ ఆకులు, వాటి మీద పురుగులు తెచ్చాడు. ఎందుకో మాత్రం వాడికి తెలియదు. నేను చెప్పేసరికి కవరు వెనక్కి లాక్కున్నాడు.

"ఏమప్పా, పురుగుల మనెలోకి ఓతికేత వస్తే మేము చీపురు ఎత్తుకోని తరుముతాము. నువ్వు దానికి విస్తరేసి వడ్డిస్తావా?"

ఓతికేత అంటే మా వైపు తొండ. మనె అంటే వాడి పురుగుల షెడ్డు.

"జబ్బు మనిషప్పా ఇది" అన్నాను.

"మనిషా!"

"నోరు జారింది. ఈ ఒక్క పురుగు పెట్టి చూడు."

పెట్టాడు. తొండ నాలుక చాపి లటుక్కున మింగింది. సీనప్ప వంగి అద్దంలోకి చూశాడు. తర్వాత, "బలే తింటాది ముండాది" అని మిగతా నాలుగు వాడే వేశాడు. వారానికి రెండుసార్లు తెస్తానన్నాడు. ఇంట్లో మాత్రం చెప్పొద్దన్నాడు.

జనవరి 11, బుధవారం

అన్నీ టైముకే. ఒక్క తప్పు లేదు.

తాయమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "నాకు చికున్ గున్యా వచ్చి ముప్పై దినాలు పండుకుంటే గంజి ఒక్క పూట కాచినావా? దానికి ఆకు సన్నగా తరుగుతాండావే!"

"నీకు చార్టు లేదు కదే" అన్నాను.

మధ్యాహ్నం భోజనం ఆలస్యంగా వచ్చింది. ఉప్పు లేదు. మరిచిపోయి వేయలేదనుకోను.

జనవరి 12, గురువారం

11:20 ఒక సంగతి గమనించాను. దీపం కింద రాయి మీద పడుకుని, తొండ నోరు తెరిచింది. పూర్తిగా. కళ్ళు సగం మూసింది. కదలదు. మెడ కింద కొట్టుకుంటోంది.

ప్రిన్సీ ముందే చెప్పింది: "దీపం కింద నోరు తెరిస్తే భయపడాకు తాతా. వేడి ఎక్కువైనప్పుడు అట్లే చేస్తాది. అది మామూలు."

మామూలా? వేడిలో నోరు తెరవడం గురించి ఆ పిల్ల నాకు చెబుతుందా? నేను చూశాను. ఆ వేడిలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. మనుషులు ఎట్లా నోరు తెరుస్తారో, ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు.

11:25 ఆర్పలేదు. చార్టు ఉంది.

11:31 ఇంకా తెరిచే ఉంది.

11:34 ఆర్పాను. పది నిమిషాలే. గనిలో కూడా గాలి వచ్చే చోట పది నిమిషాలు కూర్చోనిచ్చేవాళ్ళు. జెరోమ్ షిఫ్టులో ఐదే.

11:36 నోరు మూసింది! చూశారా?

11:44 మళ్ళీ వేశాను. ఇది తప్పు కిందికి రాదు. పది నిమిషాలు.

సాయంత్రం చదివి వినిపించాను. ఆ ముక్క దాటేశాను. ప్రిన్సీ నోటుబుక్కులోకి తొంగి చూసింది. "ఇంత పెద్ద పేజీ రాసి రెండు ముక్కలే చదివినావే?"

"నా అక్షరాలు పెద్దవమ్మా."

జనవరి 13, శుక్రవారం

11:10 నోరు తెరిచింది. ఆర్పాను. అరగంట. ఇది మధ్యాహ్న విశ్రాంతి. ప్రతి పనివాడికీ హక్కు ఉంది.

12:00 విశ్రాంతి ఇంకాస్త పొడిగించాను. తొండ హాయిగా కళ్ళు మూసుకుంది.

2:00 పురుగులు మూడు తింది. రెండు వదిలింది. హాయిగా ఉంటే ఆకలి తక్కువే. నాకూ అంతే.

గోడ మీది చార్టులో "దీపం 8–6" పక్కన టిక్కు పెట్టాను. పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. వయసు.

జనవరి 14, శనివారం

శనివారం కూడా ప్రిన్సీకి ఆఫీసు ఉంది.

కొత్త టైమింగు పెట్టాను. దీపం 8 నుంచి 11. తర్వాత చల్లదనం. డాక్టరమ్మ బెంగళూరులో చల్లని గదిలో కూర్చుని రాసిన చార్టు ఇది. అడుగు లెవెల్ ఆమె చూసిందా?

11:15 తడిపిన చేతిగుడ్డ వీపు మీద కప్పాను. తడి వద్దని చార్టులో ఉంది. కానీ పిండి వేశాను. పిండిన గుడ్డ తడిగుడ్డ కిందికి రాదు.

11:30 ఉప్పు నీళ్ళు రెండు చుక్కలు. గనిలో మాకు ఇచ్చేవాళ్ళు, చెమటకు. తొండ తల అటు తిప్పుకుంది.

తాయమ్మ చూసింది. "రోంత నిమ్మకాయ కూడా పిండు. సోడా కొట్టి ఇద్దాము."

"దానికి చెమట పోతాది కదే, ఉప్పు వద్దా?"

"యాడ పోతాండాది చెమట? చూపియ్యి."

వెతికాను. ఎక్కడా లేదు. ఈ ముక్క కూడా సాయంత్రం చదవలేదు.

జనవరి 15, ఆదివారం

ప్రిన్సీ ఇంట్లోనే ఉంది. దీపం రోజంతా వెలిగింది. నేనేమీ అనలేకపోయాను. తొండ నోరు తెరిచినప్పుడల్లా నేను వీధిలోకి పోయి నిలబడ్డాను. ఆరుసార్లు పోయాను.

కానీ శుభవార్త! ఈ రోజు ఐదు పురుగులూ తింది. ఆకంతా తింది. రంగు కూడా పచ్చగా తిరిగింది. ప్రిన్సీ నా భుజం తట్టింది. "బాగా చూసుకుంటాండావు తాతా."

వారమంతా నేను ఇచ్చిన విశ్రాంతి ఈ రోజు ఫలించింది.

జనవరి 16, సోమవారం

విశ్రాంతి 10:30కే మొదలుపెట్టాను. నిన్న రోజంతా దీపం కింద కాగింది కదా, పాపం.

పురుగులు రెండే తింది. కారణం: సీనప్ప తెచ్చిన పురుగులు లావు ఎక్కువ.

జనవరి 17, మంగళవారం

పురుగు ఒక్కటి. ఆకు ముట్టలేదు. కారణం: తాయమ్మ చేపలు వేయించింది, ఆ వాసన. తాయమ్మతో అన్నాను. చేపల చట్టి నా ముందు పెట్టి, "అయితే నువ్వూ తినాకు" అంది. తిన్నాను.

2:40 సీనప్ప వచ్చాడు. లావు పురుగులని అన్నందుకు అలిగాడు. "నా పురుగుల మీద చెయ్యి వెయ్యి. పట్టులాగా ఉండాయి. నీ ఓతికేతకే రోగం, నా పురుగులకు కాదు." అయినా చిన్నవి ఏరి పెట్టాడు. తొండ చూడనైనా చూడలేదు. వాడు లేచి, అద్దం మీద వేలితో కొట్టి, "రాగి ముద్ద పెట్టి చూడప్పా. ఎవురికైనా బలమొస్తాది" అన్నాడు.

3:00 రాగి ముద్ద, శనగగింజంత. ముక్కుతో తోసేసింది.

టిక్కు. టిక్కు. టిక్కు. చార్టు మీద నా షిఫ్టులు తొమ్మిది, తొమ్మిదికి తొమ్మిదీ సరిగ్గా ఉన్నాయి. చార్టు చూసి తొండ నేర్చుకోవాలి.

జనవరి 18, బుధవారం

10:50 జెరోమ్ వచ్చాడు. పిలవలేదు. అద్దాల పెట్టె ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రీ నిలబడినట్టే.

"ఏమప్పా, పీనుగకు కప్పినట్టు గుడ్డ కప్పినావే? దీపం యాల ఆర్పినావు?"

"వేడికి ఎగపోస్తాండాది. నీకు తెలియదు."

"గోడ మీద ఏమో రాసుండాది కదా, ఆర్పద్దని?"

"నువ్వు నాకు ఆర్డరేసే దినాలు పోయినాయి జెరోమూ."

వాడు చాలాసేపు తొండనే చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "ఆరోగ్యం, నువ్వు ఆ పొద్దు మునివెంకటప్పని చూసినావే, అట్లే చూస్తాండావు దీన్ని. ఇది మునివెంకటప్ప కాదప్పా. ఇది ఎండలోనే పుట్టిందంట. దీనికి వేడే కూడు."

ముప్పై నాలుగేళ్ళలో వాడి నోట ఆ పేరు నేను వినలేదు. మునివెంకటప్ప పడిపోయినదీ, నేను ఎందుకు పైకి వచ్చిందీ, అన్నీ గుర్తున్నాయి వాడికి! తెలిసే రాశాడు!

"బయటికి పో" అన్నాను. పోయాడు. గుమ్మంలో తిరిగి, "దీపం వెయ్యప్పా" అన్నాడు.

వేద్దామనుకున్నాను. చెయ్యి స్విచ్చు దాకా పోయింది. కానీ వాడు చెప్పిన తర్వాత వేస్తే వాడు చెప్పినట్టు విన్నట్టు అవుతుంది. వేయలేదు. ఆరు గంటల దాకా వేయలేదు.

డెబ్బై ఒక్క ఏళ్ళు నాకు. ఇది రాసుకుంటుంటే ఆ తొండే నయమనిపిస్తోంది.

జనవరి 19, గురువారం

7:20 తొండ పెట్టె మూలలో ఉంది. గడ్డం నల్లగా అయింది. బొగ్గులాగా. ఊపిరి తీసినప్పుడల్లా టిక్కు టిక్కుమని చిన్న శబ్దం. ముక్కు దగ్గర నీటి బుడగ. ప్రిన్సీ పొద్దున చీకట్లో పోతూ పోతూ పెట్టె మీది గుడ్డ ఎత్తి చూసినట్టు లేదు. ఆ గుడ్డ కప్పింది నేనే.

7:25 దీపం వేశాను. ఎనిమిది కాలేదు. అయినా వేశాను.

8:30 మందు. మింగలేదు. పక్కల నుంచి కారిపోయింది.

9:00 రాయి మీదికి తనంతట తాను ఎక్కలేదు. ఎత్తి పెట్టాను. చల్లగా ఉంది. ఏటి గులకరాయి అంత చల్లగా.

10:00 నోరు తెరవడం లేదు. తెరిస్తే బాగుండునని చూస్తున్నాను. నేనే.

12:00 బిస్కెట్ అని కూడా పిలిచాను. ఎవరూ వినలేదు, తాయమ్మ తప్ప. ఆమె కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. అడగకుండా తెస్తే నాకు భయం.

5:00 కాళ్ళు పట్టేశాయి, నాలుగడుగులు వేసొస్తానని చెప్పి కోరమండల్ స్టేషనుకు పోయి కూర్చున్నాను. రైలుకు ఇంకా రెండు గంటలు ఉన్నాయి.

7:40 ప్రిన్సీ పెట్టెలో చెయ్యి పెట్టింది, ముఖం పాలిపోయింది. డాక్టరమ్మకు ఫోను చేసింది. "రోజూ రాసింది పంపమంటాండాది తాతా. నోటుబుక్కు ఇయ్యి."

"అది తెలుగులో ఉందమ్మా. ఆమెకెందుకు?"

"ఆమెది మదనపల్లి తాతా."

అంటే తెలుగు చదవడం వచ్చు! వీపు వెనక దాచిన నోటుబుక్కు తీసి ఇచ్చాను.

ప్రిన్సీ ఒక్కో పేజీ ఫోటో తీసింది. నేను పక్కనే నిలబడ్డాను. పేజీ తిప్పడానికి వేలు తడిపి ఇచ్చాను కూడా. ఇంకేం చేయను?

పావుగంటకు ఫోను మోగింది. డాక్టరమ్మ గొంతు బయటికి వినిపించేటట్టు పెట్టింది ప్రిన్సీ.

"ఇది రాసింది ఎవురమ్మా? మీ తాతనా? పన్నెండో తేదీ నుంచి దీపం ఆరిపోతా ఉంది కదా! తడిగుడ్డ, ఉప్పునీళ్ళు! ఊపిరితిత్తుల జబ్బు ఉన్నదాన్ని చల్లబెడితే యాడ బతుకుతాది?" తర్వాత గొంతు తగ్గించింది. "ఆయన్ని తిట్టొద్దులే. టైముతో సహా రాసినాడు. లేకుంటే మందు పనిచేయలేదనుకోని నేను వేరే మందు ఇచ్చుందును. రాత్రంతా వెచ్చగా పెట్టి, రేపు మొదటి రైలుకు తీసుకురండి."

ప్రిన్సీ ఫోను కింద పెట్టింది. "రోజూ చదివి చెప్పినావే తాతా. దీపం ఆరు దాకా వేసినానని."

చదివేటప్పుడు అబద్ధం చెప్పాను. రాసేటప్పుడు చెప్పలేదు. ఆ మాట అందామనుకున్నాను. కానీ ఆ పిల్ల ముఖం చూసి, అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని తెలిసింది.

జనవరి 20, శుక్రవారం

ఆరున్నర రైలు. అట్టపెట్టెలో పాత ఉన్ని స్వెటరు, వేడినీళ్ళ సీసా, తొండ. నా ఒళ్ళో. రెండు గంటలూ నేను కదలలేదు. పక్కనున్న ఆవిడ, "ఏమన్నా, చపాతీలా? వాసనే రాలేదే" అంది. "మందులమ్మా" అన్నాను. రోజూ ఈ రైల్లో ఇంత జనంలో నిలబడి ప్రిన్సీ పోతోందని నాకు ఇప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ చిన్న పిల్ల. ముప్పై దాటవు. సూది వేసింది. తొండ అరవలేదు, నేను అరిచాను.

"తాతా, దానికి దీపమే పొయ్యి" అంది. "వేడి లేకుంటే తిన్నది అరగదు, మందు ఒంటికి పట్టదు. మనకు లోపల వేడి పుడతాది, దానికి బయట నుంచే రావాల. నోరు తెరిస్తే సంతోషంగా ఉన్నట్టు అనుకో."

"మళ్ళీ లేస్తాదా?"

"రెండు దినాల్లో తింటే లేస్తాది."

సీసాలో మళ్ళీ వేడినీళ్ళు పోయించుకున్నాను. 

తిరుగు రైల్లో ప్రిన్సీ ఒక్కటే మాట చెప్పింది. "షెరిన్ ఇప్పుడు వాళ్ళ ఊర్లో ఉండాది, ఇరవై ఆరో తేదీ సెలవు దినం వస్తాది. కారు తెస్తాది. అంతదాకా వేరే దారి లేదు తాతా. నాకు ఇంక లీవు లేదు."

అంటే అంతవరకు నేనే. వేరే దారి లేదు కాబట్టి. వేరే దారి ఉంటే నేను కాను.

జనవరి 21, శనివారం

8:00 దీపం.

8:30 మందు. మూడు వంతులు మింగింది.

9:00 పెట్టె ముందు కుర్చీ వేసుకున్నాను. రాయి నలభై డిగ్రీలు.

11:05 నోరు తెరిచింది.

11:06 రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

11:15 ఇంకా తెరిచే ఉంది. సంతోషంగా ఉంది అనుకోమంది. అనుకుంటున్నాను. అనుకోవడం ఇంత కష్టమైన పని అని తెలియదు. దీనికన్నా గనిలో దుంగలు మోయడం సులువు.

11:20 తాయమ్మ వచ్చి స్విచ్చు మీద పెద్ద ప్లాస్టరు అంటించింది. "నీ చెయ్యి నాకు తెలుసు" అంది.

11:40 జెరోమ్. వాకిట్లోనే నిలబడి, "లోపలికి రావచ్చునా?" అన్నాడు. ఎన్నడూ అడిగి రాలేదు.

"ఎందుకు?"

"నీకు చూడను కష్టంగా ఉంటాది. నువ్వు పోయి అన్నం తిను. నేను కూర్చుంటా."

 వాణ్ణి తిట్టడానికి ఒక మాట తయారుగా ఉండేది ఎప్పుడూ, అది ఎక్కడ పెట్టానో దొరకలేదు. కుర్చీ ఇచ్చాను. అన్నం తిన్నాను. వచ్చేసరికి వాడు తొడల కింద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నాకూ చూడను కాలేదప్పా" అన్నాడు.

3:10 చిన్న పురుగు ఒకటి ముందు పెట్టాను. చూసింది. కదల్లేదు. నాలుక బయటికి వచ్చింది. మళ్ళీ లోపలికి పోయింది.

3:22 తింది! తింది! ఒకటి! జెరోమ్ చప్పట్లు కొట్టాడు. తొండ జడుసుకుంది. ఇద్దరం నోరు మూసుకున్నాం.

ఇంకోటి పెడదామని జెరోమ్ అన్నాడు. నేను వద్దన్నాను. మొదటి రోజు ఒకటే పెట్టమని డాక్టరమ్మ నిన్న చెప్పింది. ఒకటే.

సాయంత్రం ప్రిన్సీకి చదివాను. ఒక్క అక్షరం దాటలేదు. స్విచ్చు మీద ప్లాస్టరు సంగతి కూడా. ఆ పిల్ల నవ్వలేదు. కానీ నా కంచంలో చేప ముక్క వేసింది.

జనవరి 22, ఆదివారం

ప్రిన్సీ ఇంట్లో ఉంది. అన్నీ తనే చేసింది. మందు, ఆకు, పురుగులు రెండు. నన్ను పిలవలేదు. దవడ పక్కన గీరే కిటుకు తెలియక మందు రెండుసార్లు కారిపోయింది. చూస్తూ ఊరుకుందామనుకున్నాను. నిమిషం ఊరుకున్నాను.

"ఇట్లా గీకమ్మా" అన్నాను.

గీకింది. నోరు తెరిచింది. "ఇది నీకెవురు చెప్పినారు?"

"అదే చెప్పింది."

గడ్డం నలుపు సగం పోయింది. ముక్కు దగ్గర బుడగ లేదు. టిక్కు శబ్దం మాత్రం ఇంకా ఉంది, చెవి పెట్టి వింటే.

సాయంత్రం ప్రిన్సీ షెరిన్‌తో ఫోనులో మాట్లాడింది. పెట్టె కారులో పడుతుందా, వెనక సీటు మడవాలా అని. నేను వంటింట్లో ఉన్నాను. అంతా వినిపించింది.

జనవరి 23, సోమవారం. షిఫ్టు 1

8:00 దీపం.

ప్రిన్సీ ప్రతి సాయంత్రం ఈ పేజీ ఫోటో తీసి మీకు పంపుతుంది డాక్టరమ్మా. కాబట్టి ఇది నేరుగా మీకే రాస్తున్నాను. చదివి ప్రిన్సీకి మీరే చెప్పాలి. నా నోటితో చెబితే ఆ పిల్ల నమ్మదు. నమ్మకపోవడం న్యాయమే.

పాత పన్నెండు షిఫ్టులు చార్టు మీది నుంచి నేనే కొట్టేశాను. లెక్కలోకి రావు. ఈ రోజు నుంచి కొత్తగా ఇరవై ఒకటి. నోరు తెరిస్తే తెరవనిస్తాను. తడి లేదు, ఉప్పు లేదు, రాగి ముద్ద లేదు. నాకు చూడటం కష్టమైతే జెరోమ్ కూర్చుంటాడు. వాడికి కష్టమైతే తాయమ్మ కూర్చుంటుంది. తాయమ్మకు ఏదీ కష్టం కాదు.

8:30 మందు మొత్తం లోపలికి.

11:00 ఆకు సగం తింది.

11:10 నోరు తెరిచింది. దీపం వెలుగుతోంది. నేను ఇక్కడే ఉన్నాను.

2:00 పురుగులు మూడు. సీనప్ప బస్సు దిగి పరుగెత్తుకుని వచ్చాడు, కొత్త మల్బరీ ఆకుతో. "బతికినాడా మావాడు?" అని అడిగాడు. మావాడట.

ఇప్పుడు అసలు సంగతి. షెరిన్ 26న వచ్చి వీణ్ణి వైట్‌ఫీల్డుకు తీసుకుపోతానంటోంది. మంచి పిల్లే. కానీ ఆమె ఇంట్లో ఏసీ ఉంది. పొద్దు నుంచి సాయంత్రం దాకా వేసుకునే కూర్చుంటుందట. ప్రిన్సీని అడిగి తెలుసుకున్నాను. ఈ సంగతి మీకు ఎవరైనా చెప్పారా? చల్లగాలి తగలకూడదని రాసింది మీరే కదా? నేను నాలుగు దినాలు పిండిన గుడ్డ కప్పినందుకు ఇంత జరిగితే, ఏసీ గదిలో ఏం జరుగుతుంది? మీరు డాక్టరు. చెప్పండి.

నేను తప్పు చేశాను. అదే తప్పు రెండోసారి చేసే మనిషిని కాను. షెరిన్ ఇంకా మొదటిసారి కూడా చేయలేదు. ఆ తేడా గమనించండి.

వీడు ఇక్కడ ఉండాలా, పోవాలా. పొమ్మంటే నేనే ఒళ్ళో పెట్టుకుని కారు దాకా తీసుకుపోతాను. ఉండమంటే ఇరవై ఒక్క రోజులూ ఈ కుర్చీ కదలదు. ఏదైనా సరే, చూద్దాంలే అని మాత్రం రాయొద్దు. బుధవారం 25వ తేదీ సాయంత్రం ఆరు గంటలకు, చార్టు ప్రకారం, నేను దీపం ఆర్పుతాను. అంతలోపల నాకు మీ జవాబు కావాలి. ఉండాలా, పోవాలా.